వెలుతురు, మొక్క ఎదుగుదల

సూర్యకాంతితో మొక్క తన ఆహారం తానే తయారుచేసుకోవడం బడి పుస్తకాల్లో అందరూ చదువుకున్నదే. వెలుతురుతో మొక్కకు ఉన్న రెండో సంబంధం గురించి అంతగా చెప్పుకోరు. తాను ఇంకా మట్టిలోపలే ఉందా, పైకి వచ్చిందా, పక్కన వేరే మొక్క ఉందా, ఖాళీగా ఉందా, ఇది ఎండాకాలమా, చలికాలమా, పొద్దు ఎటు ఉంది అనే సంగతులన్నీ మొక్క వెలుతురును బట్టే తెలుసుకుంటుంది. తెలుసుకున్నదాన్ని బట్టి మొలకెత్తుతుంది, వంగుతుంది, సాగుతుంది, ఆకులు ముడుచుకుంటుంది, పూస్తుంది. ఆహారం తయారీకి గంటల తరబడి ఎండ కావాలి. ఈ రెండో పనికి కొన్నిసార్లు ఒక్క నిమిషం మసక వెలుతురు కూడా సరిపోతుంది.

ఇందుకోసం మొక్క కణాల్లో కాంతి గ్రాహకాలనే ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉన్నాయి. ఫైటోక్రోములు ఎరుపును, ఎరుపుకు ఆవలి అంచున ఉండే దూర ఎరుపును గుర్తిస్తాయి. ఫొటోట్రోపిన్లు, క్రిప్టోక్రోములు నీలి కాంతిని గుర్తిస్తాయి. యూవీఆర్‌-8 అనేది అతినీలలోహిత-బి కిరణాలను పట్టుకుంటుంది. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోనే ఇలాంటి గ్రాహకాలు పదికి పైగా ఉన్నాయి. గింజ ఎక్కడ పడితే అక్కడే బతుకు వెళ్లదీయాల్సిన జీవికి చుట్టూ ఏముందో ఇంత నిశితంగా కనిపెట్టడం తప్పనిసరి. అందుకే మొక్కల శరీరధర్మ శాస్త్రంలో ఇంతకంటే లోతైన అధ్యాయం మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చీకట్లో మొలక

మట్టి కింద మొలిచిన గింజ దగ్గర ఉన్న ఆహారం కొద్దిగానే. అది అయిపోయేలోగా పైకి రావాలి. అందుకే చీకట్లో మొలక తన బలమంతా కాండం సాగడానికే ఖర్చు చేస్తుంది. కాండం సన్నగా, పొడవుగా, పాలిపోయి ఉంటుంది. చిక్కుడు, పెసర వంటి ద్విదళ బీజాల్లో కాండం కొస కొక్కెంలా వంగి ఉంటుంది. లేత చివురు మట్టిపెళ్లలకు రాసుకుని చెడకుండా ఈ వంపు కాపాడుతుంది. బీజదళాలు మూసుకునే ఉంటాయి, ఆకుపచ్చ రంగు రాదు. గిన్నె బోర్లించి మూసిన చోట మొలిచిన మొలకలు తెల్లగా, పొడుగ్గా వాలిపోయి కనిపించేది ఇందువల్లే.

వెలుతురు తగిలిన కొద్ది గంటల్లో ఈ తీరంతా మారిపోతుంది. కాండం సాగుదల నెమ్మదిస్తుంది, కొక్కెం విచ్చుకుంటుంది, బీజదళాలు తెరుచుకుని పచ్చబడతాయి. ఈ మార్పు వెనుక ఉన్న యంత్రాంగం 1990ల నుంచి ఒక్కొక్కటిగా తేలింది. చీకట్లో కాప్‌-1 అనే ప్రొటీను, పచ్చదనానికి కావలసిన జన్యువులను మేల్కొలిపే హెచ్‌వై-5 వంటి ప్రొటీన్లను ఎప్పటికప్పుడు నాశనానికి పంపుతూ ఉంటుంది. పిఫ్ అనే మరో కుటుంబపు ప్రొటీన్లు కాండం సాగే జన్యువులను పనిచేయిస్తాయి. వెలుతురు పడగానే ఫైటోక్రోములు కణకేంద్రకంలోకి చేరి పిఫ్‌లను తొలగిస్తాయి, క్రిప్టోక్రోములతో కలిసి కాప్‌-1ను అడ్డుకుంటాయి. అంటే పచ్చబడే శక్తి మొలకలో మొదటి నుంచీ ఉంది. చీకటి దాన్ని అణచి ఉంచుతుంది, వెలుతురు ఆ అణచివేతను ఎత్తివేస్తుంది.

వెలుతురు వైపు వంగడం

కిటికీ దగ్గర పెట్టిన కుండీలో మొక్క కిటికీ వైపు వంగుతుంది. దీన్ని కాంతి అనువర్తనం అంటారు. దీన్ని ప్రయోగాలతో లోతుగా పరిశీలించినవారిలో తొలి వరసలో నిలిచేవారు చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్. మొక్కల చలనాల మీద వారి గ్రంథం 1880లో వెలువడింది. కానరీ గడ్డి మొలకల మీద వారు చేసిన ప్రయోగం చాలా సరళమైనది. గడ్డిజాతి మొలకలో లేత ఆకులను కప్పి ఉంచే తొడుగును ప్రాంకుర కంచుకం అంటారు. దాని కొసకు వెలుతురు చొరని చిన్న టోపీ తొడిగితే, పక్క నుంచి వెలుతురు పడుతున్నా మొలక వంగలేదు. కొసను వదిలి కింది భాగాన్ని నల్లని ఇసుకలో కప్పితే మామూలుగానే వంగింది. వంగే చోటు కింద ఉంది, వెలుతురును గ్రహించే చోటు పైన కొసలో ఉంది. కొస నుంచి ఏదో ప్రభావం కిందికి దిగుతోందని డార్విన్లు తేల్చారు. మొక్కల్లో హార్మోన్లు ఉంటాయన్న ఆలోచనకు ఇక్కడే బీజం పడింది.

ఆ ప్రభావం ఒక పదార్థమేనని తేలడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. డెన్మార్క్‌కు చెందిన పీటర్ బోయ్‌సెన్ యెన్సెన్ ఓట్స్ మొలక కొసను కోసి, మధ్యలో జిలాటిన్ ముక్క పెట్టి తిరిగి అతికించాడు. మొలక వంగింది. నీడవైపు సన్నని అభ్రకం పలకను గుచ్చితే మాత్రం వంగలేదు. ప్రభావం జిలాటిన్ గుండా పోగలదు, అభ్రకం గుండా పోలేదు, అదీ నీడవైపు నుంచే దిగుతోంది. తర్వాత హంగరీ శాస్త్రవేత్త పాల్ చీకట్లోనే ప్రయోగం చేశాడు. కోసిన కొసను మొలక మీద ఒక పక్కకు జరిపి పెట్టాడు. వెలుతురు లేకపోయినా మొలక రెండో వైపుకు వంగింది.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ 1926లో చేసిన పని ఈ కథను ముగింపుకు తెచ్చింది. కోసిన కొసలను అగర్ ముక్క మీద కొంతసేపు ఉంచి, వాటిని తీసేసి, ఆ అగర్ ముక్కను మాత్రమే కొస లేని మొలక మీద ఒక పక్కన పెట్టాడు. మొలక వంగింది. ఎన్ని కొసలు పెడితే అగర్‌లో అంత పదార్థం చేరేది, మొలక అంత ఎక్కువ వంగేది. వంపు కోణాన్ని కొలిచి పదార్థం ఎంత ఉందో చెప్పే పద్ధతి అలా వచ్చింది. ఆ పదార్థమే ఆక్సిన్. మొక్కల్లో ప్రధానమైన ఆక్సిన్ ఇండోల్ అసిటిక్ ఆమ్లమని 1930ల్లో తెలిసింది.

వెలుతురు పడ్డ వైపు ఆక్సిన్ చెడిపోతోందా, లేక నీడవైపుకు తరలిపోతోందా? ఈ ప్రశ్నకు అమెరికా శాస్త్రవేత్త విన్‌స్లో బ్రిగ్స్ 1957లో మొక్కజొన్న మొలకలతో జవాబు చెప్పాడు. వెలుతురులో ఉంచినా, చీకట్లో ఉంచినా కొస నుంచి దిగే మొత్తం ఆక్సిన్ ఒక్కటే. పక్క వెలుతురు పడితే నీడవైపు వాటా పెరిగింది. కొసను నిలువునా చీల్చి మధ్యలో పలుచని గాజు పలక పెడితే ఆ తేడా పోయింది. ఆక్సిన్ అడ్డంగా తరలుతోందన్న మాట. నీడవైపు చేరిన ఆక్సిన్ అక్కడి కణాలు తమ గోడలలోకి ఆమ్లం వదిలేలా చేస్తుంది, గోడలు సడలుతాయి, కణాలు నీరు పీల్చుకుని సాగుతాయి. ఒక వైపు సాగి రెండో వైపు సాగకపోతే కాండం వంగక తప్పదు.

వెలుతురును పట్టే ప్రొటీను దొరకడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. వంపుకు నీలి కాంతే కారణమని, ఎరుపు అంతగా పనిచేయదని పంతొమ్మిదో శతాబ్దంలోనే తెలుసు. 1997లో అరబిడాప్సిస్‌లో వంగలేని మొక్కల నుంచి ఆ జన్యువు బయటపడింది, 1999లో ఆ ప్రొటీనుకు ఫొటోట్రోపిన్ అన్న పేరు స్థిరపడింది. విటమిన్ బి-2 కుటుంబానికి చెందిన ఒక అణువు ఇందులో నీలి కాంతిని పీల్చుకుని, పక్కనే ఉన్న సిస్టీన్‌తో తాత్కాలికంగా బంధం కలుపుతుంది. దాంతో ప్రొటీను ఆకారం మారి పని మొదలుపెడుతుంది. ఈ పరిశోధనలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. వెలుతురు వైపు వంగని టమాటా మొలకలను హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ శర్మ, శ్రీలక్ష్మిల బృందం అధ్యయనం చేసి, లోపం ఫొటోట్రోపిన్‌-1 జన్యువులోని మార్పేనని 2014లో ప్రచురించింది.

వంపు ఒక్కటే ఫొటోట్రోపిన్ పని కాదు. పత్రరంధ్రాలు ఉదయం తెరుచుకోవడంలో, ఆకు పలకలా విప్పారడంలో దీని పాత్ర ఉంది. ఆకు కణాల్లోని హరితరేణువులు మసక వెలుతురులో పైముఖానికి చేరి వీలైనంత కాంతిని అందుకుంటాయి. మండుటెండలో కణం పక్కగోడల వెంట సర్దుకుని ఒకదాని నీడలో ఒకటి తలదాచుకుంటాయి. సూక్ష్మదర్శినిలో ఈ కదలికను చూసినవారు ఆకును మళ్లీ నిశ్చలమైన వస్తువుగా భావించలేరు.

వేర్లు చాలా జాతుల్లో వెలుతురుకు దూరంగా వంగుతాయి. ఉష్ణమండల అడవుల్లోని మాన్‌స్టెరా తీగ మొలక ఇంకా విచిత్రమైనది. నేల మీద పాకుతూ అది చీకటిగా కనిపించే దిక్కుకు సాగుతుంది. అడవి నేల మీద అన్నిటికంటే చీకటి దిక్కున ఉండేది పెద్ద చెట్టు మొదలు. దాన్ని అందుకున్నాక పద్ధతి మార్చుకుని వెలుతురు కోసం పైకి పాకుతుంది. ఈ సంగతిని 1975లో ప్రకటించారు.

పొద్దుతో పాటు తిరగడం, రాత్రి ముడుచుకోవడం

లేత పొద్దుతిరుగుడు పువ్వు ఉదయం తూర్పున మొదలై సాయంత్రానికి పడమటికి తిరుగుతుంది, రాత్రంతా మెల్లగా వెనక్కి మళ్లి తెల్లవారేసరికి తూర్పుకు సిద్ధమవుతుంది. పగలు కాండం తూర్పు వైపు ఎక్కువ సాగడం, రాత్రి పడమటి వైపు ఎక్కువ సాగడం దీనికి కారణం. సూర్యుడు లేని రాత్రి కూడా కదలిక సాగుతోందంటే లోపల ఒక జీవ గడియారం ఉందన్నమాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోని స్టేసీ హార్మర్ బృందం 2016లో దీన్ని వివరంగా నిరూపించింది. పువ్వు ముదిరి కాండం ఎదుగుదల ఆగాక తిరగడం కూడా ఆగిపోతుంది, ముఖం తూర్పుకే ఉండిపోతుంది. తూర్పు ముఖంగా ఉన్న పువ్వు ఉదయాన్నే వేడెక్కుతుంది. పడమటికి తిప్పి పెట్టిన పువ్వుల కంటే వాటి మీదికి ఉదయం వేళ సుమారు అయిదు రెట్లు ఎక్కువ కీటకాలు వచ్చాయి. పొద్దుతిరుగుడు పువ్వు జీవితాంతం సూర్యుడి వెంట తిరుగుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. కోతకు వచ్చిన చేను గట్టు మీద నిలబడి చూస్తే గింజ పట్టిన తలలన్నీ దాదాపు ఒకే దిక్కుకు ఉండటం ఎవరికైనా కనిపిస్తుంది.

పత్తి ఆకులూ పొద్దును అనుసరిస్తాయి. ఇక్కడ కదలిక ఎదుగుదల వల్ల కాదు, తొడిమ దగ్గరి కణాల్లో నీటి ఒత్తిడి మారడం వల్ల. నీరు తక్కువైనప్పుడు వేరుశనగ, సోయా వంటి పప్పుజాతి మొక్కలు ఆకులను ఎండకు సమాంతరంగా నిలబెట్టి వేడి తగ్గించుకుంటాయి.

నిద్రగన్నేరు, చింత, దిరిసెన ఆకులు సాయంత్రం ముడుచుకుని ఉదయం విచ్చుకుంటాయి. 1729లో ఫ్రాన్స్‌లో జాన్ జాక్ ద మేరాన్ ఇలా ఆకులు ముడిచే ఒక మొక్కను చీకటి చోట ఉంచి చూశాడు. సూర్యుడు కనిపించకపోయినా అది వేళకు ఆకులు విప్పింది, వేళకు ముడిచింది. జీవ గడియారాల మీద తొలి ప్రయోగంగా దీన్ని చెప్పుకుంటారు. మన వీధుల్లో నీడనిచ్చే నిద్రగన్నేరే తర్వాతి కాలంలో ప్రయోగశాలలకు ముఖ్యమైన మొక్క అయింది. ఆకు మొదట్లో ఉండే ఉబ్బు భాగంలో ఒక వైపు కణాల్లోకి పొటాషియం చేరి నీటిని లాగడం, అదే సమయంలో రెండో వైపు కణాలు పొటాషియాన్ని వదలడం వల్ల ఆకు కదులుతుందని అమెరికాలో రూత్ సాటర్ ఈ చెట్టు మీద పనిచేసి చూపింది. గడియారం వేళ చెబుతుంది, ఫైటోక్రోమూ నీలి కాంతి గ్రాహకాలూ ఆ గడియారాన్ని రోజూ సూర్యుడితో సరిచేస్తాయి.

మొక్క కదిలితే కారణం వెలుతురే అని తొందరపడకూడదనడానికి జగదీశ్ చంద్ర బోస్ పరిశోధన మంచి ఉదాహరణ. బెంగాల్‌లోని ఫరీద్‌పూర్‌లో ఒరిగి పెరిగిన ఒక ఈతచెట్టు సాయంత్రం గుడి గంటల వేళకు తల నేలకు వంచి, ఉదయం మళ్లీ లేచేది. జనం దాన్ని ప్రార్థించే చెట్టుగా కొలిచారు. బోస్ దానికి పరికరాలు అమర్చి రేయింబవళ్లు కదలికను నమోదు చేశాడు. చెట్టు లేవడం, వంగడం ఉష్ణోగ్రత మార్పులను అనుసరిస్తున్నాయని తేల్చాడు. నమ్మకాన్ని ఎగతాళి చేయకుండా, కొలిచి చూసి చెప్పిన ఆ పద్ధతి నేటికీ ఆదర్శమే.

ఎరుపు, దూర ఎరుపు

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం బెల్ట్స్‌విల్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హ్యారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్ బృందం 1952లో ప్రచురించిన ప్రయోగం జీవశాస్త్రంలోని అందమైన ప్రయోగాల్లో ఒకటి. గ్రాండ్ ర్యాపిడ్స్ అనే రకం లెట్యూస్ గింజలను తడిపి చీకట్లో ఉంచితే చాలా కొద్దిగానే మొలుస్తాయి. ఒక్క నిమిషం ఎరుపు కాంతి, అంటే సుమారు 660 నానోమీటర్ల తరంగం చూపిస్తే ఎక్కువ భాగం మొలుస్తాయి. ఆ వెంటనే సుమారు 730 నానోమీటర్ల దూర ఎరుపు చూపిస్తే మొలవవు. మళ్లీ ఎరుపు చూపిస్తే మొలుస్తాయి. ఎన్నిసార్లు మార్చి మార్చి చూపినా లెక్కకు వచ్చేది చివర చూపిన రంగే.

దీన్నిబట్టి వారు ఒక సాహసమైన ఊహ చేశారు. మొక్కలో ఒకే రంగు పదార్థం రెండు రూపాల్లో ఉంటుంది. ఎరుపును పీల్చుకుంటే క్రియాశీల రూపానికి, దూర ఎరుపును పీల్చుకుంటే క్రియారహిత రూపానికి మారుతుంది, స్విచ్ వేసి ఆర్పినట్టు. అప్పటికి ఆ పదార్థాన్ని ఎవరూ చూడలేదు. 1959లో అదే కేంద్రంలో వారెన్ బట్లర్, కార్ల్ నోరిస్ తదితరులు చీకట్లో పెంచిన మొక్కజొన్న మొలకల్లో ప్రత్యేక వర్ణపట యంత్రంతో దాన్ని పట్టుకున్నారు. దానికే ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. అరబిడాప్సిస్‌లో అయిదు, వరిలో మూడు ఫైటోక్రోములు ఉన్నాయి.

పొగాకు గింజ ఎంత సన్నదో నారు పోసిన రైతులకు తెలుసు, గ్రాముకు వేలల్లో ఉంటాయి. అంత చిన్న గింజ లోతున పడి మొలిస్తే పైకి చేరలేదు. అందుకే చిన్న గింజలున్న అనేక జాతులు వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. కలుపు మొక్కల్లో ఇది విస్తారం. ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉన్న కలుపు గింజ, నాగలి మట్టిని తిరగేసినప్పుడు ఒక క్షణం వెలుతురు చూసి మళ్లీ కప్పబడినా మొలుస్తుంది. రాత్రిపూట దున్నితే కలుపు తగ్గుతుందా అని జర్మనీలో ప్రయోగాలు జరిగాయి. తగ్గిన సందర్భాలు కనబడ్డాయి కానీ కలుపు జాతిని బట్టి, నేల తేమను బట్టి ఫలితం మారుతుంది.

పొరుగు మొక్క నీడ

ఆకుపచ్చని ఆకు ఎరుపును పీల్చుకుంటుంది, దూర ఎరుపును దాదాపు వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఈ రెండిటి నిష్పత్తి సుమారు 1.2. దట్టమైన ఆకుల కింద అది 0.1 దాకా పడిపోవచ్చు. గోడ నీడలో ఇంత మార్పు ఉండదు. ఈ తేడాను బట్టి తన మీద పడ్డది గోడ నీడా, మరో మొక్క నీడా అన్నది ఫైటోక్రోమ్ ద్వారా మొక్కకు తెలుస్తుంది. నీడ ఇంకా పడకముందే పొరుగు ఆకుల నుంచి ప్రతిఫలించి వచ్చే దూర ఎరుపును గ్రహించి, ముందుగానే పొడవు పెరగడం మొదలుపెడతాయని అర్జెంటీనా శాస్త్రవేత్త కార్లోస్ బయారే బృందం 1990లో ఉమ్మెత్త, ఆవ జాతుల మొలకల మీద చూపించింది.

పొరుగును గుర్తించిన మొక్క కాండాన్ని సాగదీస్తుంది, పక్క కొమ్మలు తగ్గించుకుంటుంది, తొందరగా పూతకు వస్తుంది. అడవిలో ఇది బతికించే గుణం. పొలంలో నష్టం. చేను ఒత్తుగా ఉంటే కాండాలు సన్నబడి పడిపోతాయి, గింజకు పోవలసిన బలం కాండానికి పోతుంది. ఒత్తుగా విత్తినా ఇలా పోటీపడని రకాలను ఎంచుకోవడం ఆధునిక మొక్కజొన్న ప్రజననంలో ముఖ్యమైన అంశం.

వేరుశనగలో చీకటికి వేరే పాత్ర ఉంది. పువ్వు నేల పైన పూస్తుంది. ఫలదీకరణ తర్వాత ఊడ కిందికి సాగి మట్టిలో దిగుతుంది. కాయ కట్టడం మట్టిలో దిగాకే. వెలుతురులో ఉన్నంతసేపు ఊడ సాగుతూనే ఉంటుంది, లోపలి పిండం మాత్రం ఎదగదు. చీకటి, దానితో పాటు మట్టి స్పర్శ దొరికాకనే ఊడ కొస అడ్డంగా తిరిగి కాయగా ఉబ్బుతుంది. నేల గట్టిపడి ఊడ దిగకపోతే అది గాలిలోనే ఎండిపోతుంది. అనంతపురం ఎర్రనేలల్లో ఊడలు దిగే వేళకు ఒక వాన కోసం రైతు అంతగా ఎదురుచూసేది ఇందుకే. విత్తిన 45 రోజుల తర్వాత అంతరకృషి చేయవద్దని చెప్పేది కూడా దిగుతున్న ఊడలు కదలకుండా ఉండాలనే.

మరికొన్ని గ్రాహకాలు

క్రిప్టోక్రోమ్ జన్యువు 1993లో దొరికింది. అతినీలలోహిత కిరణాల వల్ల దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే పాత ఎంజైముల కుటుంబం నుంచి అది పుట్టింది. జంతువుల్లోనూ, మనుషుల్లోనూ దీని చుట్టాలు జీవ గడియారంలో పనిచేస్తున్నాయి. యూవీఆర్‌-8 పనితీరు 2011లో తేలింది. దాని హెచ్చరికతో మొక్క తన పైపొర కణాల్లో ఎండను ఆపే రంగు పదార్థాలను నింపుకుంటుంది. అడవి నేల మీద మసక వెలుతురులో బతికే ఫెర్న్‌లకు ఎరుపునూ నీలాన్నీ ఒకే ప్రొటీనుతో పట్టుకునే నియోక్రోమ్ ఉంది. ఆ జన్యువు హార్న్‌వర్ట్ అనే నాచులాంటి మొక్కల నుంచి ఫెర్న్‌లలోకి వచ్చి చేరిందని 2014లో తెలిసింది.

పగటి పొడవు, రాత్రి పొడవు

అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్ ఒక చిక్కుముడితో మొదలుపెట్టారు. మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవి పొలంలో మనిషిని మించి ఎదిగేది కానీ పూసేది కాదు. చలికాలంలో గాజుగదిలో చిన్న మొక్కగా ఉండగానే పూసేది. బిలాక్సీ అనే సోయా రకాన్ని వేర్వేరు తేదీల్లో విత్తినా అన్నీ దాదాపు ఒకే సమయంలో పూసేవి. ఉష్ణోగ్రత, తేమ, పోషకాలు ఒక్కొక్కటిగా పరీక్షించి పక్కన పెట్టాక మిగిలింది పగటి పొడవు. వేసవిలో మొక్కలను రోజూ సాయంత్రం చీకటి గదిలోకి చేర్చి పగటిని కుదిస్తే పొగాకు పూసింది. 1920లో ఈ ఫలితాలను ప్రచురించారు. దీన్నే దీప్తికాలావధి అంటారు.

పగలు ఒక హద్దు కంటే తగ్గితే పూసేవి హ్రస్వ దీప్తికాల మొక్కలు: వరి, కంది, సోయా, గోగు, చామంతి. హద్దు దాటి పెరిగితే పూసేవి దీర్ఘ దీప్తికాల మొక్కలు: గోధుమ, పాలకూర, ఆవ. టమాటా వంటివి పగటి పొడవును పట్టించుకోవు.

అయితే మొక్క నిజానికి కొలిచేది రాత్రిని. హ్యామ్నర్, బానర్ 1938లో మరులమాతంగి జాతి మొక్క మీద చేసిన ప్రయోగంలో ఇది బయటపడింది. ఎనిమిదిన్నర గంటలకు కాస్త అటూ ఇటూగా ఉన్న హద్దును దాటిన ఒక్క చీకటి రాత్రి చాలు, ఆ మొక్క పూస్తుంది. పగటి మధ్యలో చీకటి చేస్తే ఏమీ కాదు. పొడవైన రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోతుంది. ఆ దీపం ఎరుపుదైతే ప్రభావం ఎక్కువ, వెంటనే దూర ఎరుపు చూపిస్తే ప్రభావం చెరిగిపోతుంది. ఇక్కడా పనిచేస్తున్నది ఫైటోక్రోమే. రాత్రి గంటలను లెక్కపెట్టేది మాత్రం జీవ గడియారం. గడియారంలోని ఒక ప్రత్యేక వేళలో వెలుతురు తగిలిందా లేదా అన్నదే నిర్ణయాన్ని మారుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఎర్విన్ బ్యూనింగ్ 1936లోనే ఊహించాడు. నేటి జన్యు పరిశోధన ఆ ఊహను బలపరిచింది.

రాత్రిని కొలిచేది ఆకు, పూసేది కొమ్మ కొస. వీటి మధ్య తిరిగే సందేశానికి రష్యన్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ 1930ల్లో ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఏ పదార్థమో డెబ్బై ఏళ్ల పాటు ఎవరికీ దొరకలేదు. 2007లో రెండు బృందాలు అది ఒక చిన్న ప్రొటీనని చూపించాయి. అరబిడాప్సిస్‌లో దాని పేరు ఎఫ్‌టీ, వరిలో హెచ్‌డీ-3ఏ. ఆకులో తయారై పోషక కణజాలం గుండా కొసకు చేరి అక్కడ పువ్వు జన్యువులను మేల్కొలుపుతుంది.

హైదరాబాద్‌లో జూన్‌లో అతి పొడవైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబర్‌లో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. తేడా రెండు గంటల పైచిలుకే. ఐరోపా ఉత్తర భాగంలో ఇది పది గంటలు దాటుతుంది. మన పంటలు ఇంత చిన్న తేడాను కూడా పట్టుకుంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నారకోసం వేసే గోగు పగళ్లు కురచబడగానే పూతకు వస్తుంది. పూత వచ్చాక కాండం ఎదుగుదల మందగిస్తుంది. తొలకరికి ముందే విత్తితే పూతలోగా నిలువెత్తు నార తయారవుతుంది, ఆలస్యమైతే మొక్క గిడసబారి పూస్తుంది. రబీలో వేసిన కంది ఖరీఫ్ కందిలా గుబురు కట్టకుండా పొట్టిగానే పూసేది కూడా ఇందుకే. కాబట్టి రబీలో సాళ్లు దగ్గరగా వేసి మొక్కల సంఖ్య పెంచమని సిఫారసు చేస్తారు. ఉల్లిలో పగటి పొడవు పూతను కాదు, గడ్డ ఊరడాన్ని నిర్ణయిస్తుంది. 14 గంటలకు మించిన పగలు కావలసిన ఐరోపా రకాలను కర్నూలులో వేస్తే ఆకు పెరుగుతుంది కానీ గడ్డ ఊరదు.

పాత సార్వా వరి రకాల్లో చాలావాటికి పగలు తగ్గితేనే వెన్ను వచ్చేది. అందుకే వాటిని దాళ్వాకు వాడలేకపోయేవారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్‌-8 పగటి పొడవును పట్టించుకోదు, ఏ కాలంలో నాటినా దాదాపు అన్ని రోజులకే కోతకు వస్తుంది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి ఇతర రైతులకు దారి చూపారు. ఐఆర్‌-8 గురించి చెప్పేటప్పుడు దాని పొట్టి కాండాన్నే అందరూ గుర్తుచేస్తారు. ఏడాదికి రెండు వరి పంటలు స్థిరపడటంలో పగటితో తెగిన ఆ బంధానికీ అంతే విలువ ఇవ్వాలి.

రాత్రి దీపాలతో పూతను అదుపు చేయడం ఇప్పుడు మామూలు సేద్యపు పని. చామంతి త్వరగా పూయకుండా, కాడ పొడవుగా ఎదగాలంటే మొదటి వారాల్లో అర్ధరాత్రి వేళ కొన్ని గంటలు చేనులో బల్బులు వెలిగిస్తారు. దీపాలు ఆపేశాక మొక్క పొడవైన రాత్రిని గుర్తించి మొగ్గ వేస్తుంది. పొడవైన పగలు కావలసిన డ్రాగన్ ఫ్రూట్‌లో ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. చలికాలంలో రాత్రి దీపాలు వెలిగించి వియత్నాం రైతులు అకాలంలో కాయ తీస్తారు, తెలుగు రాష్ట్రాల్లోనూ కొందరు ఈ పద్ధతిని అనుసరిస్తున్నారు. ఒకే దీపం ఒక పంటలో పూతను ఆపుతుంది, మరో పంటలో పూతను రప్పిస్తుంది. వీధి దీపం కింద పడిన చేను మూలలో సోయా ఆలస్యంగా ముదిరి పచ్చగా నిలిచిపోవడం కూడా ఈ కోవకే వస్తుంది.

ఫైటోక్రోమ్‌-బి వెలుతురుతో పాటు వేడిని కూడా గ్రహిస్తుందని 2016లో రెండు బృందాలు ప్రకటించాయి. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే దాని క్రియాశీల రూపం అంత త్వరగా క్రియారహిత రూపానికి జారిపోతుంది. అంటే వెచ్చని రాత్రి మొక్కకు కొంతవరకు నీడలాగే తోస్తుంది, కాండం సాగుతుంది. రాత్రి ఉష్ణోగ్రతలు పెరుగుతున్న ఈ కాలంలో పంటల మీద దీని ప్రభావం ఎంతన్నది పరిశోధకులు తేల్చుకోవలసిన ముఖ్యమైన విషయం. మరోపక్క ఇదే జ్ఞానం కొత్త రకాల తయారీని వేగవంతం చేస్తోంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2024లో కందికి వేగ ప్రజనన పద్ధతిని ప్రకటించారు. అదుపు చేసిన గదుల్లో ఎదిగే దశలో పొడవైన పగలు, పూత దశలో కురచ పగలు, కాయ దశలో మళ్లీ పొడవైన పగలు ఇస్తూ ఏడాదిలో నాలుగు తరాల కంది తీస్తున్నారు. పొలంలో ఏడాదికి ఒక్క తరమే వచ్చే పంట అది.